అమ్ముకోని పంట వేయండి, చెత్తను ఇంటికి మోయండి

ఈ సలహాలు విని మా ఊరి రచ్చకట్ట మీద చాలామంది తల అడ్డంగా ఊపారు. "పైసలు పెట్టి విత్తనం కొని, దున్ని, విత్తి, తీరా పూతకొచ్చినంక తొక్కియ్యాల్నా? అన్నం వడ్డిచ్చుకొని చెయ్యి కడుక్కున్నట్టుంది నీ యవ్వారం" అన్నాడు ఒక అన్న. ఖాళీ మందు డబ్బాలు ఇంటికి మోసుకురావాలంటే ఇంకొకాయనకు కోపమొచ్చింది. "పంట మోసేటోళ్ళను చూసినం గానీ చెత్త మోసేటోళ్ళను చూడలే" అన్నాడు. వాళ్ళను తప్పుపట్టలేను. ఎకరం మీద పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చూసుకోక తప్పని బతుకులు మనవి. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నేలల్లో తిరిగి చూసినవాడిగా చెప్తున్నాను. పైకి తలకిందులుగా కనిపించే ఈ సలహాలే మన చెల్కలకు మేలు చేస్తాయి.

అన్నిటికంటే ముందు, అమ్ముకోవడానికి పనికిరాని పంటొకటి వేయండి. జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద, ఉలవ, ఏదైనా సరే. దాని ధరెంతని అడగకండి. ఈ పచ్చిరొట్ట నేలకు పెట్టే తిండి, నేల మీద కప్పే దుప్పటి. మన తాతల నాటి పాలమూరులో ఆముదం, జొన్న, కంది, ఉలవలు కలిసి మెలిసి ఉండేవి. జొన్న కోసినా కంది నిలబడి ఉండేది, కంది కింద ఏదో ఒక తీగ పాకుతూ ఉండేది. నేల పూర్తిగా బోసిపోయిన రోజులు తక్కువ. ఇప్పుడు ఒక్క పంట వేసి, తీసి, నాలుగైదు నెలలు నేలను ఎండకు వదిలేస్తున్నాం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దున్ని వదిలిన ఎర్ర చెల్కలో ఒట్టి కాళ్ళతో పది అడుగులు వేయండి. మీ అరికాలు ఓర్చుకోలేని వేడిలో ఆ మట్టిలోని సూక్ష్మజీవులు ఎలా బతుకుతాయో మీరే ఆలోచించండి. ఆ తర్వాత వచ్చే మొదటి గాలివాన పైపొరను లేపుకుపోయి వాగులో పోస్తుంది. తెలంగాణలో తక్కువ వాన పడే జిల్లాల్లో గద్వాల ఒకటి. పడే ఆ కొద్ది వాన కూడా నేలలోకి ఇంకకుండా పారిపోతే ఇక మనకు మిగిలేదేముంది?

భూసార పరీక్ష చేయించుకున్నవాళ్ళంతా కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలు చూస్తారు. మీరు సేంద్రియ కర్బనం అనే గడి చూడండి. 0.5 శాతం కన్నా తక్కువుంటే 'తక్కువ' అని రాస్తారు. మన చెల్కల్లో ఎక్కువ కార్డుల మీద కనిపించేది ఆ మాటే. సంచులకు సంచులు ఎరువు పోసినా ఆ అంకె పెరగదు. వేళ్ళూ, ఆకులూ, కాడలూ మట్టిలో కుళ్ళితేనే పెరుగుతుంది.

ఎరువు లెక్కన చూసినా ఇది దండగ పని కాదు. బాగా పెరిగిన జీలుగను పూత దశలో దున్నితే ఎకరానికి 20 నుంచి 30 కిలోల నత్రజని నేలలో చేరుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకే. జీలుగ ఇచ్చేదంతా మొదటి పంటకే అందదు, కొంత కుళ్ళుతూ కుళ్ళుతూ ఆ తర్వాతి పంటకు చేరుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుస పెట్టి నిలబడ్డ రోజులు మనమెవరం మరచిపోలేదు. ఆ బస్తా నత్రజనిని గాలిలోంచి ఉచితంగా తీసి ఇచ్చే మొక్కను కాదని వరుసలో నిలబడటం నాకు బాధగా ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. విత్తిన ముప్పయ్యో రోజున ఒక జీలుగ మొక్కను గడ్డపారతో మట్టి గడ్డతో సహా పెకిలించండి. లాగితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి, కాబట్టి తవ్వండి. వేరును బకెట్ నీళ్ళలో ముంచి మెల్లగా ఆడించండి. మట్టి కరిగిపోయాక వేరుకు ఆవగింజంత, కందిగింజంత బుడిపెలు అంటుకొని కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు రంగుంటే అది పని చేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నత్రజని పట్టడం లేదన్నట్టు. అలాంటప్పుడు వచ్చేసారి విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించాలి. మా ఇంట్లో పిల్లలకు ఆ ఎరుపు చూపించినప్పుడు "మొక్కకు కూడా నెత్తురుంటదా?" అని అడిగారు. నిజానికి ఆ రంగిచ్చే పదార్థం మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమే.

ఏ విత్తనం ఎక్కడ వేయాలనే దగ్గర పొరపాటు పడకండి. చౌడు తగిలిన నేలకు, నీళ్ళు నిలిచే కాలువ కింది మడికి జీలుగే వేయాలి. ఆలంపూర్ వైపు, కాలువ చివరి భూముల్లో చౌడు పూసినచోట దానికి సాటి లేదు. ఎకరానికి 10 నుంచి 12 కిలోలు చాలు. నీళ్ళు ఇంకిపోయే ఎర్ర చెల్కకు జనుము వేయండి, 12 నుంచి 15 కిలోలు పడుతుంది. నీరు నిలిస్తే మాత్రం జనుము చచ్చిపోతుంది. పశువులున్న ఇల్లయితే పిల్లిపెసర మేలు, ఒకసారి మేపుకొని, మళ్ళీ చిగురించాక దున్నుకోవచ్చు. కొల్లాపూర్ మామిడి తోటలవాళ్ళు చెట్ల మధ్య ఉలవలో జనుమో చల్లి, కోసి చెట్ల పాదుల్లో పరిస్తే చాలు, దున్నాల్సిన పని కూడా లేదు.

ఎప్పుడు వేయాలన్నది ఇంకా ముఖ్యం. మెట్ట రైతుకు నేలలో తేమే ఆస్తి. అసలు పంటకు దక్కాల్సిన తేమను పచ్చిరొట్ట తాగేస్తే చేటే. అందుకే ఖాళీ ఎక్కడుందో వెతకాలి. వనపర్తి వైపు యాసంగి వేరుశనగ వేసేవాళ్ళకు ఆ ఖాళీ కళ్ళెదుటే ఉంది. సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో వేరుశనగ వేయడానికి వానాకాలమంతా నేలను పడావు పెడుతున్నారు. మృగశిర, ఆరుద్ర వానలకు జనుమో పిల్లిపెసరో వేసి ఆగస్టులో కలియదున్నితే ఆ తర్వాతి వానలకు కుళ్ళిపోతుంది. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి కాలువల కింద వరి వేసేవాళ్ళు తొలకరికే జీలుగ చల్లుకోవాలి, నాట్లనాటికి నలభై అయిదు రోజుల వయసు రావాలి. గద్వాల వైపు నడిగడ్డలో సీడ్ పత్తి రైతులకు ముందు ఖాళీ దొరకదు. వాళ్ళు సాళ్ళ మధ్య అలసందో పెసరో వేసి, నలభయ్యో రోజున కొడవలితో కోసి పత్తి మొదళ్ళ దగ్గర పరవాలి. అంతకు మించి ఉంచితే పత్తికే పోటీ అవుతుంది.

తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకృతి సేద్యం రైతులు 2018 నుంచి అనంతపురం లాంటి కరువు నేలల్లో వానలకు ముందే పొడి దుక్కిలో రకరకాల నవధాన్యాల విత్తనాలు వేస్తున్నారు. విత్తనానికి మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి ఉండలు చేస్తారు. తేమ తగిలినప్పుడే మొలుస్తుంది, చీమలు మోసుకుపోవు. అనంతపురంలో చేయగలిగింది అయిజలో, గట్టులో చేయలేమా? ఒక గుంటలో చేసి చూడండి.

ఇక రెండో తలకిందుల సలహా. పైరు కళ్ళకు నిండుగా ఉన్నప్పుడే దాన్ని పడగొట్టండి. జనుము పసుపు పూలతో ఊగుతుంటే చేతులు రావు, నాకు తెలుసు. ఒక ఏడాది నేను ఆగాను. ట్రాక్టరు దొరకలేదన్నది సాకు. నిజానికి ఇంకా పెరుగుతుంది, ఇంకా ఎరువవుతుందని ఆశ పడ్డాను. డెబ్బయ్యో రోజుకు జనుము కాడలు కట్టెలయ్యాయి. రోటవేటరు కత్తులకు చుట్టుకున్నాయి, ముక్కలు మట్టిలో పుల్లల్లా మిగిలాయి. ఆ పుల్లలు కుళ్ళకముందే తొందరపడి వేరుశనగ విత్తాను. నెలన్నరకు మొక్కలు అక్కడక్కడ వాడిపోవడం మొదలైంది. ఒకదాన్ని పీకితే మొదట్లో తెల్లటి దారాల బూజు, దాని మీద ఆవాల్లాంటి గుండ్రటి గింజలు. కాండం కుళ్ళు తెగులు. సగం కుళ్ళిన చెత్తే ఆ బూజుకు ఇష్టమైన తిండి. తప్పు పచ్చిరొట్టది కాదు, నాది. అప్పటినుంచి నలభై అయిదు, యాభై రోజుల మధ్య పూత మొదలవగానే దున్నేస్తున్నాను. దున్నేముందు ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లుతాను. వరి మడిలో నీళ్ళుంటాయి కనుక పది పదిహేను రోజులు చాలు. వేరుశనగకయితే నెల రోజులకు తక్కువ ఆగను. పశువుల ఎరువులో రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడిపి నీడలో మగ్గబెట్టి, ఆఖరి దుక్కిలో చల్లుతాను.

గొర్రెల కాపరులతో గొడవ పెట్టుకోకండి. ఊరంతా ఎండిపోయినప్పుడు మీ ఒక్క చేను పచ్చగా ఉంటే మంద అటే వస్తుంది. కంచె వేయలేం. ముందే కాపరితో మాట్లాడండి. "అన్నా, పిల్లిపెసర ఒక్క మారు మేపుకో, నాలుగు రాత్రులు మంద నా చేన్ల పెట్టు" అంటే కాదనేవాడు అరుదు. పెంట, మూత్రం రెండూ చేలోనే పడతాయి. మంద పెట్టించుకోవడం పాలమూరులో కొత్తేమీ కాదు.

ఇప్పుడు ప్లాస్టిక్ సంగతి. మిరప, పుచ్చ, టమాటా వేసేవాళ్ళను మల్చింగ్ షీటు వేయమని అందరూ చెప్తారు. కలుపు రాదు, తడి ఆరదు, నిజమే. కానీ చవక షీటు మాత్రం కొనకండి అని నేనంటాను. ఎక్కువగా అమ్మేది 25 మైక్రాన్ల షీటు, అంటే మీ పిల్లల నోటుపుస్తకం కాగితంలో దాదాపు మూడో వంతు మందం. ఒక్క ఎండాకాలానికే పెళుసెక్కుతుంది. పంటయ్యాక లాగితే చేతికి వచ్చేది చివరల ముక్కలే, మిగతాది మట్టిలోనే ఉండిపోతుంది. ఒకసారి గుంటక తోలుతుంటే దంతె బరువెక్కింది. ఎత్తి చూస్తే మూడేళ్ళ కిందటి నల్ల షీటు పేలికలు, గడ్డి వేళ్ళతో కలిసి జడలా చుట్టుకొని ఉన్నాయి. విప్పుతుంటే ఆ పేలికలు వేళ్ళ మధ్యే పొడిపొడిగా చిట్లిపోయాయి. ఆ పొడిని నేలలోంచి ఎవరు ఏరగలరు? ఇక ఏరిన షీటును పాత సామాను కొనేవాళ్ళూ తీసుకోరు, మట్టి బరువే ఎక్కువుంటుంది కనుక. వేయక తప్పదనుకుంటే మందంగా ఉన్నదే వేసి, పంట తీసిన వారంలోపే, నేల కొంచెం తడిగా ఉన్నప్పుడు చుట్టగా చుట్టి, దులిపి, ఎండబెట్టి దాచండి. నా సలహా అయితే, జనుమును బోదెల మీద కోసి నాలుగు వేళ్ళ మందాన పరిచి, దాని మధ్య మిరప నారు నాటమని. కలుపు పూర్తిగా ఆగదు, ఒకసారి చేత్తో తీయాల్సి వస్తుంది. కానీ ఆ కప్పు పంటయ్యేసరికి మట్టిలో కలిసిపోతుంది, చుట్టి దాచాల్సిన పనే ఉండదు.

మందు డబ్బా ఖాళీ అయిందని పారేయకండి, మూడుసార్లు కడగండి. "చెత్తకు స్నానమా?" అంటారు. ఎంత ఒంపినా డబ్బా గోడలకు మందు అంటుకొనే ఉంటుంది. డబ్బాలో నాలుగో వంతు నీళ్ళు పోసి, మూత బిగించి, అర నిమిషం గట్టిగా ఊపి, ఆ నీళ్ళు పంపులోనే పోసేయండి. అలా మూడుసార్లు. కొన్న మందు చివరి బొట్టు దాకా చేనుకే పోతుంది, డబ్బా కూడా శుభ్రమవుతుంది. కాలువలోనో బాయి గట్టునో కడగకండి. చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయకండి. తర్వాత మేకుతో అడుగున రెండు పొడుపులు పొడవండి. అలా చేస్తే ఎవరూ దాన్లో కిరసనాయిలో, మంచినీళ్ళో పోసి దాచుకోరు. మందు డబ్బాలో తెచ్చిన నీళ్ళు తాగి ప్రాణం మీదకు తెచ్చుకున్న కూలీల కథలు మన ఊళ్ళల్లో చాలానే విన్నాం.

1971 నాటి పురుగుమందుల నిబంధనలు ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఇళ్ళకు దూరంగా పాతిపెట్టాలని చెప్తాయి. ఇప్పుడు ఎకరానికో బోరుంది, పాతిన డబ్బా ఎక్కడికీ పోదు. బ్రెజిల్‌లో 2000లో చట్టం తెచ్చి, రైతు కడిగి ఇవ్వాలి, అమ్మినవాడు తీసుకోవాలి, కంపెనీ రీసైకిల్ చేయాలి అని బాధ్యత పంచారు. అక్కడ తొంభై శాతం పైగా డబ్బాలు వెనక్కి వస్తున్నాయి. మన దేశంలో కూడా ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించే బాధ్యత కంపెనీలదేనని 2022లో నిబంధనలు వచ్చాయి. అందుకే కడిగిన డబ్బాల సంచి పట్టుకొని మందు కొన్న షాపుకే పోయి అడగండి. నేను అడిగిన ఒక షాపాయన "ఇదేం పని పెద్దాయనా" అని విసుక్కున్నాడు. మళ్ళీ పోయాను. ఒక్కడు అడిగితే విసుగు, ఊరు ఊరంతా అడిగితే కంపెనీ దాకా మాట పోతుంది.

మిగతా ప్లాస్టిక్‌ను కలిపి మూట కట్టకండి, విడివిడిగా కట్టండి. ఏది ఏదో తెలియకపోతే ఒక చిన్న ముక్క కోసి బకెట్ నీళ్ళలో వేసి, వేలితో ఒకసారి ముంచి వదలండి. డ్రిప్ లాటరల్, నల్ల పైపు, ఎరువు బస్తా ముక్క పైకి తేలతాయి. పీవీసీ పైపు, మంచినీళ్ళ సీసా మునుగుతాయి. తేలేదీ మునిగేదీ కలిపి ఇస్తే కొనేవాడు మొత్తానికీ చెత్త ధరే కడతాడు. పీవీసీని పొరపాటున కూడా కాల్చకండి, ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, డయాక్సిన్లు ఉంటాయి. లాటరళ్ళను దుక్కికి ముందే చుట్టి, చెట్టు నీడన వేలాడదీస్తే ఏళ్ళ తరబడి వస్తాయి. ఉప్పు పట్టి మూసుకుపోయాయని పారేయకుండా ఆమ్లంతో శుభ్రం చేయించుకోండి. నీళ్ళలో ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు. వెండి రంగు విత్తనాల పాకెట్లు ఎవరూ కొనరు. వాటిని పంచాయతీ పొడి చెత్తలో వేయండి.

ఒక్క రైతు ప్లాస్టిక్‌కు బండి రాదు. పది పదిహేను మంది కలిసి ఒకచోట పోగేస్తే వస్తుంది. దాని మీద లాభం చూడకండి, రవాణా ఖర్చు వెళ్ళినా చాలు. మన గట్ల మీద వదిలిన ప్రతి సంచీ చివరకు వాగులో పడుతుంది, వాగులోంచి చెరువులో పడుతుంది. శ్రీరంగాపురం రంగసముద్రం లాంటి సంస్థానం నాటి చెరువులు ఇంకా మన పొలాలు తడుపుతున్నాయి. దుందుభి వాగు ఎండినప్పుడు ముళ్ళపొదలకు వేలాడే కవర్లు చూసినవాళ్ళకు నేను ఇంకా చెప్పాల్సిన పని లేదు.

చేయదలిస్తే ఏప్రిల్‌లోనే కదలండి. రాయితీ జీలుగ కోసం మే నెలాఖరున పోతే వరుసలే ఉంటాయి. ముందుగా వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర పేరు రాయించుకోండి. పాలెం పరిశోధన స్థానానికో, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రానికో పోయి మీ మట్టి చూపించి అడగండి. మరుసటి ఏడాదికి ఎవరి దగ్గరా చేయి చాచకుండా, జనుము దున్నేటప్పుడు గట్టు పక్కన నాలుగు గుంటలు వదిలేయండి. అదొక్కటి ముదరనివ్వండి. కోసి, కొట్టి, ఎండబెట్టిన గింజను కడిగి ఆరబెట్టిన పాత యూరియా సంచిలో, గుప్పెడు వేపాకు వేసి కట్టుకోండి. మందు సంచి మాత్రం వద్దు. కోతకొచ్చిందో లేదో చూడటానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, ఒక కాయ తెంపి చెవి దగ్గర ఊపండి. గింజలు లోపల గలగలలాడితే కొడవలి తీసుకోవచ్చు.